లక్ష రూపాయల అల్ట్రావైడ్ మానిటర్ కొనే ముందు చూసినవి, కొన్నాక తెలిసినవి

అల్ట్రావైడ్ గేమింగ్ మానిటర్ల (మామూలువాటికంటే బాగా వెడల్పైన తెరల) ధరలు మన దగ్గర పాతిక వేల చుట్టూ మొదలై రెండు లక్షలు దాటిపోతాయి. డబ్బా మీద రాతలు మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే: కర్వ్‌డ్ (వంపు తెర), హెచ్‌డీఆర్ (వెలుగునీ చీకటినీ ఒకే బొమ్మలో బాగా చూపించడం), 1 మిల్లీసెకను (పిక్సెల్ మారే సమయం), 165 హెర్ట్జ్ (సెకనుకి తెర ఎన్నిసార్లు మారుతుందో). ముప్పై అయిదు వేల దానికీ లక్ష రూపాయల దానికీ తేడా ఎక్కడుందో ఆ రాతలు ఎంత చదివినా అంతుపట్టదు. రెండింటి మీదా ఒకే చీకటి సీను పెట్టి గదిలో లైటు ఆపితే ఇట్టే తెలిసిపోతుంది. ఆ తేడాకి ఇంకో అరవై వేలు పెట్టడం సబబేనా అన్నదే నా ప్రశ్న. అది తేల్చుకోవడానికి సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ షాపులూ, పెద్ద షోరూములూ, తెలిసినవాళ్ల ఇళ్లూ తిరిగాను. చివరికి ఒకటి తీసుకున్నాను, రోజూ వాడుతున్నాను.

నా అవసరం ఏంటో ముందు చెప్పాలి. పగలంతా ఆఫీసు పని: కోడు, ఎక్సెల్ షీట్లు, మీటింగులు. రాత్రి పిల్లలు పడుకున్నాక గంటో రెండు గంటలో గేములు. శని, ఆదివారాల్లో సినిమా. కంప్యూటర్లో ఉన్నది ఆర్టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు. మానిటర్ పెట్టేది మియాపూర్ ఫ్లాట్‌లో ఒక చిన్న గదిలో. ఒక పక్క కిటికీ, నేను కూర్చునే చోటికి వెనక గోడ మీద ట్యూబ్‌లైటు. ఎవరి గది ఎలా ఉంది, ఎవరు దేనికి వాడతారు అన్నదాన్ని బట్టి ఇక్కడ చెప్పేవాటిలో సగం లెక్కలు మారిపోతాయి.

ముందు సైజు సంగతి. 34 అంగుళాలంటే చాలామంది ఎంతో పెద్దదనుకుంటారు. దాని ఎత్తు మామూలు 27 అంగుళాల మానిటర్ అంతే, సుమారు 13 అంగుళాలు. పెరిగేది వెడల్పు మాత్రమే. 3440×1440 రిజల్యూషన్‌తో 34 అంగుళాల తెరలో అంగుళానికి దాదాపు 110 పిక్సెళ్లు పడతాయి, 27 అంగుళాల 1440పీ తెరలోనూ అంతే. కాబట్టి అక్షరాల స్పష్టతలో లాభం లేదు, నష్టం లేదు. గ్రాఫిక్స్ కార్డు మీద భారం చూస్తే ఈ తెరలో 49.5 లక్షల పిక్సెళ్లు, 4కే తెరలో 83 లక్షలు. నా 4070 లాంటి కార్డుకి ఈ తేడా చాలా పెద్దది. 4కే మీద సెట్టింగులు తగ్గించుకుంటూ ఆడాల్సిన గేమును ఇక్కడ హాయిగా సెకనుకి 90, 100 ఫ్రేముల మీద ఆడుకోవచ్చు.

ఎల్‌జీ అల్ట్రాగేర్ 45 అంగుళాల ఓలెడ్‌ని (ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగే రకం తెర; 2023లో వచ్చిన మోడల్, 240 హెర్ట్జ్) ఒక షోరూములో చూసినప్పుడు మొదటి చూపులోనే మనసు లాగేసింది. 800ఆర్ వంపు అంటే 80 సెంటీమీటర్ల వ్యాసార్ధం. ఎదురుగా కూర్చుంటే తెర రెండు చెంపల పక్కకీ వచ్చేస్తుంది. రేసింగ్ గేముకి అంతకంటే ఏం కావాలి అనిపించింది. అక్కడే బ్రౌజర్ తెరిచి ఒక తెలుగు వార్తా పేజీ పెట్టించాను. అప్పుడు తెలిసింది. తెర అంత పెద్దదైనా రిజల్యూషన్ అదే 3440×1440 కాబట్టి అంగుళానికి 83 పిక్సెళ్లే. ‘క్ష’, ‘జ్ఞ’ లాంటి అక్షరాల ఒంపుల్లో మెట్లు మెట్లుగా పిక్సెళ్లు లెక్కపెట్టేలా ఉన్నాయి. గేములు మాత్రమే ఆడేవాళ్లకి అది గొప్ప తెర. రోజుకి ఎనిమిది గంటలు అక్షరాలు చదివేవాళ్లకి మాత్రం పనికిరాదని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను. ఆ లోటు తీరుస్తూ 2025లో అదే 45 అంగుళాల్లో 5120×2160 రిజల్యూషన్‌తో కొత్త మోడల్ వచ్చింది. అంగుళానికి 125 పిక్సెళ్లు, అక్షరాలు చక్కగా ఉంటాయి. కానీ దాన్ని నడపడానికి కోటీ పది లక్షల పిక్సెళ్లు మోసే కార్డు కావాలి, మానిటర్ ధరకి కార్డు ధర కూడా కలుపుకోవాలి.

49 అంగుళాల తెరని చూసింది మా మేనత్త కొడుకు ఇంట్లో. శాంసంగ్ ఒడిస్సీ నియో జీ9, 5120×1440, మినీ ఎల్‌ఈడీ. రెండు 27 అంగుళాల మానిటర్లు పక్కపక్కన అతికించినంత. బావ దాన్ని కొన్నది ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం. శంషాబాద్‌లో పగటిపూట విమానం దించి చూపించాడు. ఆకాశం నిజంగా ఎండలా మెరిసింది, కళ్లు చికిలించాల్సి వచ్చింది. ఓలెడ్ ఏదీ తెరంతా ఆ వెలుగు ఇవ్వలేదు. తర్వాత రాత్రి పెట్టమన్నాను. రన్‌వే లైట్లు ఒక్కొక్కటి వెలుగుతున్నాయి, ప్రతి దీపం చుట్టూ చందమామకి గుడి కట్టినట్టు తెల్లటి వలయం.

“బావా, ఆ లైట్ల చుట్టూ తెల్లగా ఏంటది?”

“అలవాటైతే కనపడదు బావా,” అన్నాడు.

అది ఎందుకు వస్తుందో లెక్క వేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆ తెర వెనక వెలుగునిచ్చే బల్బులు 2,048 భాగాలుగా విడిపోయి ఉంటాయి. తెర మీద పిక్సెళ్లు 73.7 లక్షలు. అంటే ఒక్కో భాగం కింద సరిగ్గా 3,600 పిక్సెళ్లు. వాటిలో ఒక్క పిక్సెల్ వెలగాలన్నా ఆ భాగం మొత్తం వెలగాలి, పక్కనున్న నల్లటి పిక్సెళ్ల గుండా కొంత వెలుతురు కారుతుంది. ఓలెడ్‌లో ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెలే దీపం. ఆపితే పూర్తిగా ఆరిపోతుంది. పగటి వెలుగు నిండిన హాల్లో, కర్టెన్లు లేని చోట పెట్టేవాళ్లకి బావ తెరే మేలు, అందులో నాకు సందేహం లేదు. నేను ఆడేది రాత్రిపూట. పైగా దాని వెడల్పు దాదాపు నాలుగు అడుగులు, నా టేబుల్ మొత్తం నాలుగు అడుగులే.

తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా వీఏ ప్యానెళ్లు, వెనక నుంచి లైటు పడే ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం. 30–40 వేలలో 34 అంగుళాల వీఏ అల్ట్రావైడ్ దొరుకుతుంది. కాంట్రాస్టు (తెలుపుకీ నలుపుకీ వెలుగులో తేడా) 3000:1 చుట్టూ ఉంటుంది, ఎల్‌సీడీలోనే ఇంకో రకమైన ఐపీఎస్ ప్యానెళ్లలో మామూలుగా ఉండే 1000:1 కంటే బాగా ఎక్కువ. కదలని బొమ్మ మీద నలుపు నిజంగా బాగుంటుంది. అసలు పరీక్ష కదిలే బొమ్మ మీద. సీటీసీలో ఒక షాపులో నా పెన్‌డ్రైవ్ పెట్టి రాత్రిపూట కారు నడిపే వీడియో వేయించాను. చీకటి రోడ్డు పక్కన ముదురు బూడిద రంగు స్తంభాలు వెనక్కి వెళ్తున్నాయి. ప్రతి స్తంభం వెనకా నల్లటి మసక చార ఒకటి సాగుతూ వస్తోంది. వీఏలో పూర్తి నలుపు నుంచి ముదురు బూడిదకి పిక్సెల్ మారడానికి పట్టే సమయం మిగతా మార్పులకంటే చాలా ఎక్కువ, అందుకే ఆ చార. డబ్బా మీద రాసిన 1 మిల్లీసెకను ఈ మార్పుకి వర్తించదు. శాంసంగ్ ఒడిస్సీ జీ7 కుటుంబం లాంటి కొన్ని ఖరీదైన వీఏలు దీన్ని చాలావరకు తగ్గించగలిగాయి. తక్కువ ధరవాటిలో మాత్రం ఇది తప్పదు. వెలుతురు గేములు, క్రికెట్, ఫుట్‌బాల్ ఆడేవాళ్లకి ఆ చార కంటబడే సందర్భమే తక్కువ. వాళ్లు 35 వేలతో ఆగిపోవడం మంచి నిర్ణయం.

ఐపీఎస్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రంగులు బాగుంటాయి, అక్షరాలు అన్నిటికంటే శుభ్రంగా ఉంటాయి, చీకటి గదిలో మూలలు తెల్లబారతాయి. ఆఫీసు పనే ప్రధానమైతే అదే తీసుకోవాలి.

ఆ సీటీసీ షాపులో కుర్రాడు ఓపికగా అన్నీ చూపించాడు. హెచ్‌డీఆర్ సంగతి అడిగితే డబ్బా తిప్పి స్టిక్కర్ చూపించాడు.

“ఇగో చూడన్నా, డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 అని రాసే ఉంది గద.”

“లైట్లు ఒక్కసారి ఆపుతావా తమ్ముడూ?”

ఆపాడు. నల్లటి తెర మీద చిన్న తెల్ల చతురస్రం పెట్టాను. చతురస్రంతో పాటు తెర మొత్తం బూడిద రంగులో వెలిగింది. ఈ స్టిక్కర్లు ఇచ్చేది వెసా (VESA) అనే ప్రమాణాల సంస్థ. వాళ్ల డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 స్థాయికి 400 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుని కొలిచే ప్రమాణం) వెలుగు కావాలి, తెరలో భాగాలు విడివిడిగా వెలిగి ఆరాలన్న షరతు లేదు. వెలుగూ నలుపూ పక్కపక్కన ఉండాల్సిన చోట అది హెచ్‌డీఆర్ అనే పేరుకి న్యాయం చేయలేదు. అదే సంస్థ ఇచ్చే ‘ట్రూ బ్లాక్ 400’ వేరే సంగతి. అందులో నలుపు 0.0005 నిట్లు దాటకూడదు. ఆ షరతుని ఓలెడ్ లాంటివే అందుకోగలవు. స్టిక్కర్ మీద ‘ట్రూ బ్లాక్’ అన్న రెండు మాటలు ఉన్నాయా లేదా అన్నది చూసుకోవాలి, 400 అన్న అంకె రెండింటిలోనూ ఉంటుంది. ఆ కుర్రాడికి ఇది చెప్తే శ్రద్ధగా విన్నాడు. తర్వాత వచ్చిన కస్టమరుకి తనే లైట్లు ఆపి చూపించాడు.

ఇలా తిరిగి తిరిగి 34 అంగుళాల ఓలెడ్ దగ్గర ఆగాను. ఇక్కడ ఎక్కువ మంది తికమక పడేది బ్రాండ్ల దగ్గర. 2022లో డెల్ ఏలియన్‌వేర్ ఏడబ్ల్యూ3423డీడబ్ల్యూ వచ్చి ఈ తరగతికి దారి తీసింది. అమెరికాలో ధర 1,299 డాలర్లు, ప్యానెల్ తయారుచేసింది శాంసంగ్ డిస్‌ప్లే, రకం క్యూడీ-ఓలెడ్ (క్వాంటం డాట్ పొర ఉన్న ఓలెడ్). ఆ తర్వాత అదే కంపెనీ ప్యానెళ్లతో శాంసంగ్, ఎంఎస్‌ఐ, గిగాబైట్ కూడా 34 అంగుళాల మానిటర్లు తెచ్చాయి. బ్రాండ్ ఏదైనా చీకటీ వెలుగూ చూపించేది ఆ ప్యానెలే, 1800ఆర్ వంపు దానిదే, అక్షరాల అంచుల తీరూ దానిదే. కంపెనీకి కంపెనీకి మారేవి స్టాండు, పోర్టులు, లోపల ఫ్యాను ఉందా లేదా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, అన్నిటికన్నా ముఖ్యంగా వారంటీ. నేను ఏ బ్రాండ్ తీసుకున్నానో రాయకపోవడానికి కారణం ఇదే. ముందు ప్యానెల్ ఏ తరానిదో చూసుకుని, తర్వాత బర్న్-ఇన్‌కి (కదలని బొమ్మ నీడ తెర మీద మచ్చలా నిలిచిపోవడానికి) రాతపూర్వకంగా మూడేళ్ల వారంటీ ఎవరిస్తున్నారో చూసి, ఆ ఇద్దరు ముగ్గురిలో ఎవరి ధర తక్కువైతే వాళ్ల దగ్గర తీసుకోవడం నేను పెట్టుకున్న పద్ధతి. వారంటీ కార్డులో బర్న్-ఇన్ అన్న మాట కనిపించాలి. షాపువాళ్లు నోటిమాటగా ‘అన్నిటికీ ఉంటది సార్’ అంటే సరిపోదు.

ధర దగ్గర ఇంకో విషయం కలిసొచ్చింది. మన దేశంలో 32 అంగుళాల లోపు మానిటర్లకి జీఎస్టీ 18 శాతం, దాటితే 28 శాతం ఉండేది. 34 అంగుళాల అల్ట్రావైడ్ రెండు అంగుళాల తేడాతో పై శ్లాబులో పడేది. ఎత్తులో 27 అంగుళాల తెరతో సమానమైన దానికి పెద్ద టీవీతో సమానంగా పన్ను. 2025 సెప్టెంబర్ 3న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో దాన్ని 18 శాతానికి దించారు, 22 నుంచి అమల్లోకి వచ్చింది. పన్నుకి ముందు 80 వేలున్న మానిటర్ అంతకుముందు 1,02,400, ఆ తర్వాత 94,400. నిర్ణయం ప్రకటించిన రోజు నుంచి అమలయ్యే వరకూ ఆగాను. ఎనిమిది వేలంటే మంచి మానిటర్ ఆర్మ్ స్టాండూ, దానికి తోడు చిన్న యూపీఎస్సూ వచ్చేస్తాయి. నేను అవే కొన్నాను.

175 హెర్ట్జ్ తీసుకోవాలా, 240 తీసుకోవాలా అని కూడా కొంత ఆలోచించాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వేగంగా మౌసు తిప్పితే 240 కాస్త స్పష్టంగా కనిపించింది. నేను ఆడే గేములు నా కార్డు మీద 110, 120 ఫ్రేములు దాటవు. నా కార్డు అందించలేని ఫ్రేముల కోసం మానిటర్‌కి పదిహేను, ఇరవై వేలు ఎక్కువ పెట్టడం అనవసరమనిపించి 175 దగ్గర ఆగాను. కాంపిటీటివ్ షూటర్లు ఆడేవాళ్ల లెక్క వేరు. అయితే వాలొరెంట్ లాంటివి అసలు అల్ట్రావైడ్ వెడల్పుని వాడుకోనివ్వవు, కాబట్టి వాళ్లకి నేను 27 అంగుళాలే చెప్తాను.

డబ్బా ఇంటికొచ్చిన సాయంత్రం విప్పి, ట్యూబ్‌లైటు వేసి, తెర ఆపి ఉండగానే చూశాను. నలుపు బదులు లేత ఊదా కలిసిన బూడిద రంగు. షోరూములో ఎక్కడా అలా కనిపించలేదు, ఎందుకంటే అక్కడ ఎప్పుడూ తెర మీద రంగురంగుల వీడియో తిరుగుతూనే ఉంటుంది. క్యూడీ-ఓలెడ్‌లో మామూలు తెరల్లో ఉండే పోలరైజర్ పొర ఉండదు. వెలుగు ఎక్కువ బయటికి రావడానికి దాన్ని తీసేశారు. దానివల్ల బయటి వెలుతురు నేరుగా లోపలి క్వాంటం డాట్ పొర మీద పడి కొంత వెనక్కి వస్తుంది. గదిలో వెలుతురు ఎంత ఎక్కువైతే నలుపు అంత పాలిపోతుంది. లైటు ఆపగానే ఆ ఊదా రంగు మాయమైంది. ఎక్కడ తెర, ఎక్కడ గోడ తెలియనంత నలుపు.

అందుకే నా గదిలో ట్యూబ్‌లైటు ఉన్న చోటే పెద్ద చిక్కయింది. అది నా వెనక గోడ మీద, నేరుగా తెర ముఖంలోకి కొడుతోంది. టేబుల్‌ని తీసుకెళ్లి ట్యూబ్‌లైటు ఉన్న గోడకే ఆనించాను. ఇప్పుడు లైటు మానిటర్ వెనక నుంచి, పై నుంచి వస్తుంది, తెర ముఖం మీద పడదు. కిటికీ పక్కకి వచ్చింది, దానికి మందం కర్టెన్ వేశాను. ఖర్చు కర్టెన్‌కి అయిందే, నలుపులో వచ్చిన మార్పు మాత్రం ఇంకో పాతిక వేలు పెట్టి పై మోడల్ కొన్నా రాదు. క్యూడీ-ఓలెడ్ కొనాలనుకునేవాళ్లు ముందు తమ గదిలో టేబుల్ దగ్గర కూర్చుని, మానిటర్ ఉండే చోట ఒక చిన్న అద్దం నిలబెట్టి చూడమంటాను. అద్దంలో లైటో కిటికీయో కనిపిస్తే, కొన్నాక ఆ వెలుతురు తెర మీదే ఉంటుంది. దాన్ని మార్చడం కుదరని ఇల్లయితే ఎల్‌జీ ప్యానెల్ వాడే డబ్ల్యూ-ఓలెడ్ మంచిది, దానికి పోలరైజర్ ఉంది కాబట్టి వెలుతురులో నలుపు నలుపుగానే నిలుస్తుంది.

రెండో విషయం అక్షరాలు. మామూలు ఎల్‌సీడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సబ్‌పిక్సెళ్లు పక్కపక్కన నిలువు పట్టీలుగా ఉంటాయి. నేను తీసుకున్న తరం క్యూడీ-ఓలెడ్‌లో మూడూ త్రికోణంలా ఉంటాయి, ఆకుపచ్చ పైన, ఎరుపూ నీలమూ కింద. విండోస్ అక్షరాలు గీసేది పాత నిలువు పట్టీల లెక్క ప్రకారం. దాంతో అడ్డంగా ఉండే గీతల పైఅంచున సన్నటి ఆకుపచ్చ, కింది అంచున లేత గులాబీ రంగు కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి అంతగా తెలియదు. మన లిపికి తలకట్టు ఉంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లటి తెలుగు పెట్టి దగ్గరగా చూశాను. ప్రతి తలకట్టు మీదా ఒక ఆకుపచ్చ వెంట్రుక. ‘త్త్వ’ లాంటి చోట్ల వత్తు కింద వత్తు పడినప్పుడు రెండింటి మధ్య సందులో ఆకుపచ్చా గులాబీ కలిసిపోయి మసక. డిస్‌ప్లే స్కేలింగ్‌ని 125 శాతం చేసి, అక్షరాలకి పూర్తి తెలుపు బదులు లేత బూడిద, వెనక పూర్తి నలుపు బదులు ముదురు బూడిద పెట్టాక చాలా తగ్గింది. చేయి చాచినంత దూరంలో కూర్చుంటే నా కంటికి ఇప్పుడు కనిపించడం లేదు. రోజంతా తెలుగు డీటీపీ, ప్రూఫ్‌రీడింగ్ చేసేవాళ్లకి మాత్రం ఈ ప్యానెల్ నేను చెప్పను. వాళ్లకి ఐపీఎస్ ఉండనే ఉంది.

గేములకి వస్తే, పెట్టిన డబ్బు న్యాయమనిపించింది సైబర్‌పంక్ 2077 రాత్రిపూట వీధుల్లో. వానలో తడిసిన రోడ్డు మీద నియాన్ బోర్డుల వెలుగు, పక్కనే పూర్తి చీకటి సందు. ఆ సందులో నిలబడ్డ మనిషి కోటు మడత కూడా కనిపిస్తుంది, అయినా సందు చీకటిగానే ఉంటుంది. వీఏ తెర మీద ఇదే చోట కోటు మొత్తం నల్లటి ముద్దయిపోవడం చూశాను. ఫోర్జా హొరైజన్ 5లో వెడల్పు కలిసొస్తుంది, మలుపు తిరిగే ముందే పక్క రోడ్డు కనిపిస్తుంది. ఎల్డెన్ రింగ్‌లో మాత్రం రెండు పక్కలా నల్లటి పట్టీలు తప్పవు, ఆ గేము మామూలు తెరల 16:9 కొలతకే, సెకనుకి 60 ఫ్రేములకే కట్టుబడి ఉంటుంది. పీఎస్5 కలిపినా అంతే, కన్సోళ్లు అల్ట్రావైడ్ల 21:9 వెడల్పుకి బొమ్మ పంపవు. ఇంట్లో ఎక్కువ ఆడేది కన్సోల్ మీదే అయితే అల్ట్రావైడ్‌లో దాదాపు నాలుగింట ఒక వంతు తెర ఖాళీగా కూర్చుంటుంది.

హెచ్‌డీఆర్ పెట్టేటప్పుడు చాలా క్యూడీ-ఓలెడ్‌లలో రెండు మోడ్‌లు కనిపిస్తాయి: ట్రూ బ్లాక్ 400, పీక్ 1000. పేరు చూసి అందరూ రెండోదే పెడతారు. ఆ 1000 నిట్లు వచ్చేది తెరలో రెండు మూడు శాతం మాత్రమే వెలుగుతున్నప్పుడు, అంటే నక్షత్రాలు, దూరంగా వీధి దీపాలు. మంచు మైదానమో పగటి ఆకాశమో తెరంతా నిండితే ఈ తరం ప్యానెళ్లు 250 నిట్ల దగ్గరికి దిగిపోతాయి, పైగా పీక్ 1000 మోడ్‌లో అలాంటి సీన్లన్నీ మరింత మసకబారతాయి. నేను పగటి సీన్లు ఎక్కువున్న గేములకి ట్రూ బ్లాక్, చీకటి గేములకి పీక్ పెడుతున్నాను. విండోస్ హెచ్‌డీఆర్ క్యాలిబ్రేషన్ అనే మైక్రోసాఫ్ట్ యాప్‌లో ఒక్కో మోడ్‌కి విడిగా ప్రొఫైల్ చేసుకోవాలి. అయిదు నిమిషాల పని, తేడా మాత్రం గట్టిగా తెలుస్తుంది. అన్నట్టు, కొత్త మానిటర్ తగిలించాక విండోస్ సెట్టింగుల్లోకి వెళ్లి హెర్ట్జ్ ఎంత ఉందో చూసుకోండి. చాలా కంప్యూటర్లలో అది 60 దగ్గరే ఉండిపోతుంది.

చీకటి సీన్లలో, లోడింగ్ తెరల్లో ఓలెడ్ సన్నగా రెపరెపలాడటం చూసి కొంతమంది తెర పాడైందని భయపడతారు. ఫ్రేముల వేగం ఒక్కసారిగా ఎక్కువ తక్కువలవుతుంటే వీఆర్‌ఆర్ అనే ఏర్పాటు దాన్ని అనుసరిస్తూ తెర రిఫ్రెష్ వేగాన్ని మారుస్తుంది, ఆ మార్పుతో ముదురు బూడిద రంగుల వెలుగు కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. గేములో ఫ్రేముల పరిమితి 100 దగ్గర కట్టేశాక నాకు దాదాపు పోయింది.

సినిమాల విషయంలో ఈ తెర నాకు ఎంతో ఇష్టం. 3440ని 1440తో భాగిస్తే 2.39. మన స్కోప్ సినిమాల కొలత సరిగ్గా అదే. బొమ్మ ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా నిండిపోతుంది, పైనా కిందా పట్టీ ఉండదు. కొన్ని ఓటీటీల్లో మాత్రం నల్ల పట్టీలని వీడియోలోనే కలిపేసి పంపుతారు, అప్పుడు నాలుగు వైపులా నలుపు వచ్చి బొమ్మ మధ్యలో చిన్నదైపోతుంది. బ్రౌజర్‌లో జూమ్ చేసే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే అది సర్దుకుంటుంది.

ఇంట్లో అందరికీ చెప్పి ఒప్పించాల్సింది ఒకటుంది. రాత్రి పడుకునే ముందు స్విచ్‌బోర్డులో స్విచ్‌లన్నీ ఆపేయడం మా నాన్నగారికి అలవాటు. ఓలెడ్ మానిటర్ నాలుగైదు గంటలు వాడాక, మనం ఆపేసిన తర్వాతే పిక్సెల్ రిఫ్రెష్ అనే పని చేసుకుంటుంది. పిక్సెళ్ల అరుగుదలని సరిచూసుకుని సమం చేసుకుంటుంది, అందుకు కొన్ని నిమిషాలు కరెంటు ఉండాలి. గోడ దగ్గరే ఆపేస్తే ఆ పని ఆగిపోతుంది, రోజూ అలా ఆగితే తెర మీద మచ్చలు నిలిచిపోయే ప్రమాదం పెరుగుతుంది. “నాన్నా, ఈ ఒక్క స్విచ్ ఆపొద్దు, తెర తనని తాను బాగుచేసుకుంటుంది” అని చెప్పాను. “ఎంత సేపు?” అని అడిగి, పది నిమిషాల తర్వాత వచ్చి చూసి మరీ ఆపుతున్నారు. కరెంటు పోయినా ఈ పని మధ్యలో ఆగకుండా మానిటర్ యూపీఎస్ మీదే ఉంది.

టాస్క్‌బార్ దాచేశాను, వాల్‌పేపర్ నల్లగా పెట్టాను, రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తెర ఆరిపోయేలా చేశాను. కోడు రాసే విండోని రోజూ ఒకే చోట పెట్టకుండా ఎడమకీ కుడికీ మారుస్తాను. నెలకోసారి తెరంతా లేత బూడిద రంగు పెట్టి, గదిలో లైటు ఆపి, ఎక్కడైనా టాస్క్‌బార్ ఆకారమో విండో అంచో నీడలా పడిందేమో చూసి ఫోన్‌తో ఫొటో తీస్తున్నాను. ఇప్పటిదాకా మచ్చ లేదు. బిల్లు, వారంటీ కార్డు, ఆ ఫొటోలు ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. మూడేళ్ల వారంటీ ముగియడానికి రెండు నెలల ముందు ఫోన్ క్యాలెండర్లో ఒక గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజు ఫొటోలన్నీ వరసగా పెట్టి చూసి, నీడ కనిపిస్తే అప్పుడే క్లెయిమ్ వేస్తాను.